మేలరీ సంజ్ఞాభాషా రచన – ఒక పరామర్శ

1881లో అమెరికా ప్రభుత్వ జాతిశాస్త్ర సంస్థ ప్రకటించిన గారిక్ మేలరీ రచన, ఉత్తర అమెరికా ఆదిమజాతుల సంజ్ఞలకు అమూల్యమైన ఆకరము. 1880లో వాషింగ్టను బధిర కళాశాలలో యూట్ జాతివారును బధిర విద్యార్థులును సంజ్ఞలతో సంభాషించిన వృత్తాంతము ఇందు కలదు. ఇట్టి నిదర్శనములను గొని మేలరీ, సంజ్ఞలన్నియు ఒకే మానవసామాన్య భాషకు మాండలికములని నిర్ణయించెను. ఈ నిర్ణయము నిలువదు. కొంత పరస్పరావగాహనముచే భాషైక్యము సిద్ధింపదు. ప్రతి సంజ్ఞాభాషకును స్వకీయ వ్యాకరణము కలదు.

ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. మైదాన జాతులలో బధిరులును వినగలవారును ఒకే సంజ్ఞాభాషను వాడుచుండిరి. 1879లో నెలకొన్న కార్లైల్ వసతి పాఠశాల ఆదిమజాతుల బాలుర స్వభాషలను నిషేధించెను. 1880 మిలాన్ మహాసభ బధిరవిద్యలో సంజ్ఞలకంటె వాక్కే మేలని తీర్మానించెను. ఆ జాతుల బధిరశిశువునకు ఇరువైపులను ద్వారములు మూతపడెను. భాషగా గుర్తింపబడనిది నశించినను నష్టముగా లెక్కింపబడదు. మేలరీ సేకరణమును స్వీకరింతము, సిద్ధాంతమును విడుతము.