లెక్క కూడా చూపించాలి

ఢిల్లీలోని సాకేత్‌లో ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు ఒకవైపు పెద్ద మాల్స్, ఎదురుగా ఖిర్కీ గ్రామం. మాల్‌లోని బ్రాండెడ్ షోరూమూ, ఖిర్కీ సందులోని ఇస్త్రీ బండీ ఆర్థిక మోడల్‌లో చాలాసార్లు ‘సేవారంగం’ అనే ఒకే గడిలో పడతాయి. ఏ మోడలైనా కొంత వదిలేయక తప్పదు. ఏం వదిలేశారో చెప్పడమే ఈ పనిలో నిజాయితీ అని నా నమ్మకం.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ వస్తున్న రోజుల్లో, 1955లో, గణాంకవేత్త మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళికకు లెక్క కట్టారు. 5,600 కోట్ల రూపాయల పెట్టుబడి, అందులో మూడో వంతు యంత్రాలు తయారుచేసే పరిశ్రమలకు. ఏటా 5 శాతం వృద్ధి, 1.1 కోట్ల ఉద్యోగాలు. నాలుగు రంగాలున్న ఆ సమీకరణాల్లో విదేశీ వ్యాపారానికి చోటు లేదు. 1957 వచ్చేసరికి దిగుమతుల బిల్లు పెరిగి విదేశీ మారకం నిల్వలు కరిగిపోయాయి, మరుసటి ఏడాది ప్రణాళికనే కుదించుకోవాల్సి వచ్చింది. అయినా మహలనోబిస్ అంటే నాకు గౌరవం. ఆయన తన సమీకరణాలను ‘సంఖ్య’ పత్రికలో అచ్చువేశారు. అవి అందరి ముందూ ఉన్నాయి కాబట్టే వకీల్, బ్రహ్మానంద లాంటి ఆర్థికవేత్తలు జనం తిండీ బట్టా సంగతేమిటని గట్టిగా వాదించగలిగారు.

2014లో ప్రణాళికా సంఘం తెచ్చిన ఇంధన భద్రతా కాలిక్యులేటర్ నాకు నచ్చింది కూడా అందుకే. సౌర విద్యుత్తు దగ్గర ఒకటి నుంచి నాలుగు దాకా ఏ స్థాయి కావాలో మనమే ఎంచుకోవచ్చు. 2047 నాటికి ఇంధన దిగుమతులు ఎలా మారతాయో వెంటనే కనిపిస్తుంది. ఇంటర్ చదివే పిల్లలు కూడా వాడి చూడొచ్చు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్వర్ణాంధ్ర 2047 పత్రం ఏటా 15 శాతం వృద్ధి, 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అంటోంది. కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీట్ తెరిచి చూడండి. ఏటా 15 శాతం చొప్పున 23 ఏళ్లు పెరిగితే ఈనాటి రూపాయి దాదాపు 25 రూపాయలవుతుంది. 12 శాతమే అనుకుంటే పదమూడున్నర. మూడు శాతం తగ్గితే ఫలితం ఇంచుమించు సగానికి పడిపోతుంది! ఆ మూడు శాతం సాగునీటి నుంచి వస్తుందా, రేవుల నుంచా, చదువుకున్న ఆడపిల్లల ఉద్యోగాల నుంచా?

అమరావతికీ హైదరాబాద్‌కూ నా విన్నపం ఒక్కటే. లక్ష్యాలతో పాటు మోడల్‌నూ, దాని ఊహలనూ తెలుగులో జనం ముందు పెట్టండి. అంకెలు మార్చి చూసే అవకాశం మాకూ ఇవ్వండి.