రెజ్యూమె చదివే కళ్లు ఎవరివి?

ఒకప్పుడు బయోడేటా అనేవాళ్లం, ఇప్పుడు రెజ్యూమె అంటున్నాం. పేరేదైనా అది కులం లేని కాగితమనే చెప్తారు. ప్లేస్‌మెంట్ శిక్షణ తరగతుల్లోనూ, బజార్లో దొరికే ఉద్యోగ మార్గదర్శక పుస్తకాల్లోనూ ఒకటే పాఠం: రెండు పేజీలు దాటొద్దు, పేరు పైన పెద్దగా పెట్టు, చదువులో ఖాళీ సంవత్సరం కనపడనీకు. ఈ సలహాలు ఎవరి బతుకును నమూనాగా పెట్టుకుని పుట్టాయి?

మొదట పేరు సంగతి. విడపనకల్లు, ఉరవకొండ నుంచి అటు బళ్లారి దాకా రికార్డుల్లో చాలామందికి కులమే ఇంటిపేరు. బోయ, కురుబ, మాదిగ, హరిజన. బడిలో చేర్చిన రోజు రాసిన ఆ మాట పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పొడి అక్షరంగా ఉండిపోతుంది. దరఖాస్తు ఫారం ఇంటిపేరు పూర్తిగా రాయమన్న చోట బయటికొస్తుంది. రెడ్డి, శర్మ అని రాసుకునేవాళ్లకు అది గౌరవం. మనోళ్లకు అది గేటు దగ్గర తనిఖీ.

ఇది మనం ఊహించుకున్న బాధ కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన చూడండి. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుని పేరుకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. అదే ఏడు అచ్చయిన పరిశోధన కోసం సురిందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్‌లతో మాట్లాడిన మేనేజర్లు తాము ప్రతిభే చూస్తామన్నారు. కుటుంబ నేపథ్యం మాత్రం అడుగుతామన్నారు. నేపథ్యమంటే కులం కాక మరేంటి?

ఇక ఖాళీ సంవత్సరం. వాన పడని ఏడు ఇల్లంతా బెంగళూరుకు వలస పోతే చదువు ఆగుతుంది. రెజ్యూమెలో అది సోమరితనంలా కనపడుతుంది. మేస్త్రీ దగ్గర కూలి లెక్కలు రాసిన పిల్లోడు, పొదుపు సంఘం పుస్తకాలు చూసిన అమ్మాయి, తెలుగూ కన్నడమూ రెండింట్లో వ్యవహారం నడిపినవాళ్లు 'అనుభవం లేదు' అని రాసుకుంటారు. మన పనిని పని కాదన్న చదువు ఫలితమిది. ఆ పనుల్ని రాయాలి: ఎన్ని నెలలు చేశారు, ఎంతమందికి చేశారు, ఏ బాధ్యత మోశారు.

పేరు దాచుకుంటే పోదా అనేవాళ్లున్నారు. కూటికోసం పొడి అక్షరంతో సరిపెట్టుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ దాచడాన్నే పాఠంగా చెప్పడం వేరు. 1994లో ఈదుమూడిలో పుట్టిన దండోరా మాదిగ అనే మాటను పేరు చివర తలెత్తి నిలబెట్టింది. ఆ మాటను కొట్టేసుకోమని మన పిల్లలకు మనమే నేర్పాలా? 1917లో కొలంబియా చదువుతో బరోడా కొలువుకు పోయిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో ఉండడానికి చోటు దొరకలేదు. అంతకంటే మంచి రెజ్యూమె ఎవరు రాయగలరు?

కాబట్టి దిద్దుకోవాల్సింది రాసేవాళ్లు మాత్రమే కాదు, చదివేవాళ్లు కూడా. మొదటి వడపోతలో పేరు, తండ్రి పేరు, ఊరు కప్పి చదవమని కంపెనీలను అడగాలి. ఏడాది చివర ఎవరిని పిలిచారో, ఎవరిని తీసుకున్నారో కులాలవారీ లెక్క బయటపెట్టమనాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల కోసం మాట్లాడే సంఘాలు ఈ లెక్క అడగడం నుంచే మొదలుపెట్టాలి.