పనీరు రాతలమీద నా పేచీ

పొంగితే శుభం, విరిగితే అపశకునం. పాల విషయంలో మన పెద్దవాళ్ళ తీర్పు ఇదే కదా! అలాంటి ఇళ్ళల్లో ఇప్పుడు కావాలని పాలు విరగ్గొట్టి చేసే పదార్థం రాజ్యమేలుతోంది. మా కర్మన్‌ఘాట్‌నే తీసుకోండి. ఇక్కడి ఆంజనేయస్వామి మీద భక్తితో మంగళ, శనివారాల్లో నీసు ముట్టని ఇళ్ళు ఎన్నో. ఆ రోజుల్లో పిల్లలు అడిగే కూర పనీరే. దిల్‌సుఖ్‌నగర్ కర్రీ పాయింట్లలోనూ దాని గిరాకీ దానిదే.

వంటతో నాకే తగాదా లేదు. నా పేచీ అల్లా దాన్ని గురించి రాసేవాళ్ళతో.

మొదటిది, పేరు. తెనిగించాలనే ఉత్సాహంలో కొందరు పనీరును ‘జున్ను’ అనేస్తారు. జున్నుకు ఈనిన గేదె తొలిపాలు కావాలి. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరిమీద ఉడికిస్తే తనంతట తనే గట్టిపడుతుంది. పనీరుకు మామూలు పాలు చాలు, పులుపు మాత్రం తప్పదు. ఈనిన గేదె ఎక్కడ, నిమ్మకాయ ఎక్కడ! పనీరు పారశీకం నుంచి వచ్చిన మాట. అలాగే ఉండనిస్తే పోయిందేముంది? కాఫీని మనం తెనిగించామా?

రెండోది, ఆరంభం. ‘200 గ్రాముల పనీరు ముక్కలు తీసుకోండి’ అంటారు. నవలను రెండో అధ్యాయం నుంచి చదవమన్నట్టుంటుంది. పోనీ ఎవరైనా తయారీ రాశారా, ‘మరిగే పాలలో తగినంత నిమ్మరసం పిండండి’ అని ఊరుకుంటారు. ఎంతైతే తగినంత? అసలు విద్యంతా అక్కడే ఉంది సుమా! లీటరు చిక్కటి గేదెపాలు కాచి, దించి, కాస్త వేడి తగ్గాక, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని నీళ్ళతో పలచన చేసి కొద్దికొద్దిగా పోయాలి. పులుపు తగలగానే పాలలోని మాంసకృత్తు గడ్డకట్టి, కొవ్వును తనతో పట్టుకుంటుంది. నీళ్ళు తేటపడి లేత ఆకుపచ్చకు తిరిగాయా, ఇక చెయ్యి ఆపాలి. ఆశకొద్దీ ఇంకా పోస్తే ముక్క పుల్లగా, గట్టిగా తయారవుతుంది. పలచని గుడ్డలో వడగట్టి, చన్నీళ్ళతో కడిగి, మూటకట్టి, పైన పచ్చడిబండ పెడితే గంటలో పని పూర్తి.

మూడోది, లెక్క. లీటరు పాలకు చేతికొచ్చే పనీరు ఇంచుమించు 200 గ్రాములు. మిగతాదంతా విరుగుడు నీళ్ళే. వాటి ఊసు ఏ వంటకంలోనూ కనబడదు. చపాతీ పిండి తడపడానికీ, చారు కాయడానికీ బ్రహ్మాండంగా పనికొస్తాయి. నెలాఖరున పాల ఖాతా చూసుకునే ఇల్లాలికి ఆ ఒక్క వాక్యం ఎంత ఉపకారం!

ఇదంతా చాదస్తమని కొట్టిపారేయకండి. పాలకొవ్వు బదులు వంటనూనె కలిపిన ముక్కలు బజారులో పనీరు పేరు పెట్టుకుని తిరుగుతున్నాయి. అలా అమ్మకూడదని నిబంధన ఉంది. అయినా నిబంధన మన వంటింట్లోకి వచ్చి కాపలా కాయదుగా! ఇంట్లో ఒక్కసారైనా చేసి రుచి చూసిన నాలుకకు కనీసం అనుమానమైనా వస్తుంది. ఎప్పుడూ పొట్లం విప్పడమే నేర్చిన అమ్మాయికి అదీ రాదు.

కనుక వంటలు రాసే సోదరీమణులకు నాదొక్కటే మనవి. మసాలాల పట్టిక ఎంత పొడుగైనా రాసుకోండి, కాని పాల దగ్గర మొదలెట్టండి. కొనుక్కోవాలో చేసుకోవాలో మేమే తేల్చుకుంటాం.