టెలివిజన్ సంగీత కార్యక్రమాల ధ్వని: ప్రతులు, పాఠనిర్ణయం

1950, 60 దశకాలలో అమెరికా, బ్రిటన్ దేశాల టెలివిజన్ సంస్థలు ప్రసారం చేసిన సంగీత కార్యక్రమాలలో అనేకం ప్రసారమైన రాత్రితోనే అంతరించిపోయాయి. వాటి ధ్వని మాత్రం అప్పుడప్పుడూ ఒక స్పూల్ టేపు రూపంలోనో, ఫిల్ము అంచున ముద్రితమైన శబ్దరేఖ రూపంలోనో బయటపడుతూ ఉంటుంది. అలా బయటపడినప్పుడు చర్చ యావత్తూ ఆ వస్తువు అరుదుదనం చుట్టూ తిరుగుతుంది. అది ఏనాటి, ఏ గానానికి సాక్ష్యం అన్న ప్రశ్న వెనుకబడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం లభించేవరకు ధ్వని దొరికిందని చెప్పడం తొందరపాటే.

ఈ సమస్య తెలుగు సాహిత్య పరిశోధకులకు కొత్తది కాదు. వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రకటించిన సి.పి.బ్రౌన్‌కు తాళపత్ర ప్రతుల కొరత లేదు. ప్రతి ప్రతిలోనూ పద్యాల సంఖ్య, క్రమం, పాఠం వేరువేరుగా ఉండటమే ఆయన ఎదుర్కొన్న చిక్కు. ప్రతి లభించడం ఒక పని, పాఠం నిర్ణయించడం మరొక పని. టెలివిజన్ ధ్వని విషయంలో మొదటి పనికి లభించిన గౌరవం రెండవదానికి ఇంకా లభించలేదు.

ప్రతులు ఎన్ని విధాలుగా ఏర్పడ్డాయో ముందు గ్రహించాలి. వీడియోటేపు రాకమునుపు ప్రత్యక్ష ప్రసారాన్ని నిలుపుకోవడానికి ఉన్న ప్రధాన మార్గం కినెస్కోప్. టెలివిజన్ తెరపై కదిలే బొమ్మను ఫిల్ము కెమెరాతో చిత్రించి, ధ్వనిని ఆ ఫిల్ము అంచున శబ్దరేఖగా ముద్రించేవారు. 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీది శబ్దరేఖలో తారస్థాయి ధ్వనులు చాలావరకు నశిస్తాయి. ఆంపెక్స్ సంస్థ 1956లో ప్రదర్శించిన వీడియోటేపు ఈ లోపాన్ని తీర్చింది కాని కొత్త ప్రమాదాన్ని తెచ్చింది. రెండంగుళాల వెడల్పు గల ఆ టేపు ఖరీదైనది, చెరిపి మళ్ళీ వాడుకోదగినది. అందువల్ల చెరిపివేయడమే పొదుపుగా పరిగణింపబడింది. పలకమీద రాసిన పద్యానికి పట్టే గతే వాటికీ పట్టింది. మూడవ ప్రతి శ్రోతల ఇళ్ళలో పుట్టింది. టెలివిజన్ పెట్టె ముందు మైకు ఉంచి, లేదా తీగ కలిపి, స్పూల్ టేపు మీద ముద్రించుకున్నది అది. నాలుగవది, అన్నిటికన్నా ప్రచారంలో ఉన్నది, కార్యక్రమం పేరుతో విపణిలోకి వచ్చిన ఎల్.పి. రికార్డు. పాఠనిర్ణయంలో ఎక్కువ గందరగోళం కలిగించింది ఈ నాలుగవదే.

అందుకు నిదర్శనంగా సి.బి.ఎస్. సంస్థ 1957 డిసెంబరు 8న న్యూయార్కు నుంచి ప్రత్యక్ష ప్రసారం చేసిన 'ద సౌండ్ ఆఫ్ జాజ్' కార్యక్రమాన్ని పరిశీలించవచ్చు. ఇది 'ద సెవెన్ లైవ్లీ ఆర్ట్స్' అనే ధారావాహికలో ఒక భాగం. నిర్మాత రాబర్ట్ హెరిడ్జ్, దర్శకుడు జాక్ స్మైట్. వాద్యకారులను ఎంపిక చేసినవారు నాట్ హెంటాఫ్, విట్నీ బాలియెట్ అనే ఇద్దరు విమర్శకులు. విమర్శకుల అభిరుచికి ఇంతగా తలవంచిన టెలివిజన్ కార్యక్రమాలు ఏ దేశంలోనైనా అరుదే. కౌంట్ బేసీ, రెడ్ ఆలెన్, థెలోనియస్ మంక్, జిమ్మీ జుఫ్రీ, బిల్లీ హాలిడే ఇందులో పాల్గొన్నారు. స్టూడియోలో అలంకరణ లేదు. టోపీలు పెట్టుకొని, సిగరెట్లు కాలుస్తూ, ఒకరి వాదనను ఒకరు వింటూ నిలబడ్డ కళాకారుల మధ్య కెమెరాలు తిరిగాయి.

ప్రసారానికి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 4న, ఆ కళాకారులలో అధికసంఖ్యాకులు కొలంబియా రికార్డు సంస్థవారి స్టూడియోలో సమావేశమయ్యారు. అప్పటి ధ్వనిముద్రణే 1958లో కార్యక్రమం పేరుతో ఎల్.పి.గా వెలువడింది. కొలంబియా అప్పట్లో సి.బి.ఎస్. యాజమాన్యంలోనిదే కనుక, రికార్డుకూ ప్రసారానికీ అభేదం ఉన్నట్టు శ్రోతలు భావించడంలో ఆశ్చర్యం లేదు. పేరు ఒక్కటి, కళాకారులు ఇంచుమించు వారే, ప్రధాన గీతాలూ అవే. అయినా రికార్డులో వినిపించేది ప్రసారం కాదు. ప్రసారంలో పియానో వాయించిన మంక్ రికార్డులో లేడు. ప్రసారంలో లేని మాల్ వాల్డ్రన్ పియానో రచన 'నెర్వస్' రికార్డులో ఉంది. హాలిడే పాడిన 'ఫైన్ అండ్ మెలో' గీతానికి ప్రసారంలో బారిటోన్ శాక్సఫోన్ వాయించిన జెర్రీ మలిగన్ రికార్డులో కనిపించడు. తరువాతి కాలంలో ప్రసార ధ్వనినే ముద్రించి వెలువరించిన రికార్డుకు 'ద రియల్ సౌండ్ ఆఫ్ జాజ్' అని పేరు పెట్టవలసి వచ్చింది. 'రియల్' అన్న ఆ విశేషణం ఒక పాఠపరిష్కర్త తన పీఠికలో చేయవలసిన వాదాన్నంతటినీ ఒక్క మాటలో చేస్తున్నది. అయితే దాని ధ్వనిలో ఒక అన్యాయం కూడా ఉంది. ఎల్.పి. మీది గానం నకిలీ కాదు. అదే కళాకారులు మరొక రోజున, మరొక గదిలో, కెమెరాలు లేని ఏకాంతంలో చేసిన వేరొక గానం అది.

ఈ రెండు గానాల మధ్య భేదం 'ఫైన్ అండ్ మెలో' గీతంలో అత్యంత ప్రధానమవుతుంది. పన్నెండు బార్ల బ్లూస్ చట్రంలో హాలిడే స్వయంగా రచించి 1939లో తొలిసారి రికార్డు చేసిన గీతమిది. ప్రసారంలో ఆమె ఒక చరణం పాడిన తరువాత టెనర్ శాక్సఫోన్‌పై బెన్ వెబ్‌స్టర్, ఆ వెంటనే లెస్టర్ యంగ్ ఒక్కొక్క ఆవృత్తి వాయిస్తారు. యంగ్, హాలిడే 1930 దశకంలో సన్నిహిత సహచరులు. ఆమెకు 'లేడీ డే' అన్న పేరు పెట్టినవాడు అతడు, అతణ్ణి 'ప్రెజ్' అన్నది ఆమె. ప్రసారం నాటికి యంగ్ ఆరోగ్యం బాగా క్షీణించింది. కూర్చునే వాయించవచ్చునని చెప్పినా, తన వంతు రాగానే అతడు లేచి నిలబడ్డాడని హెంటాఫ్ తరువాత రాశాడు. యంగ్ 1959 మార్చిలోను, హాలిడే అదే సంవత్సరం జూలైలోను మరణించారు.

ఈ సోలో గురించి వెలువడిన వ్యాఖ్యానంలో అధికభాగం చెవితో విన్నది కాదు, కంటితో చూసినది. యంగ్ వాయిస్తుండగా కెమెరా హాలిడే ముఖాన్ని పట్టుకుంటుంది. ఆమె తల ఊపుతుంది, కళ్ళలో ఏదో మెరుస్తుంది. ప్రేక్షకుడు ఆ ముఖంలో ఒక వీడ్కోలును చదువుకుంటాడు, దాన్నే సోలోకు అర్థంగా ఆరోపిస్తాడు. వారి మరణాలు తెలిసినవాడికి ఆ ఆరోపణ మరింత సులభం. చిత్రాన్ని తొలగించి ధ్వనిని మాత్రమే విన్నప్పుడు మరొక సంగతి స్పష్టమవుతుంది. వెబ్‌స్టర్ సోలో ఊపిరి నిండిన బరువైన నాదంతో చట్రాన్ని పూరిస్తుంది. దాని వెనువెంట వచ్చే యంగ్ సోలోలో స్వరాలు బహు తక్కువ. ఉన్న స్వరాల మధ్య విరామం ఎక్కువ. ఆ విరామాలలో లయవాద్యాలు వినిపిస్తాయి, పక్కనున్నవారి మెచ్చుకోలు వినిపిస్తుంది. ఈ పొదుపు శారీరక బలహీనత ఫలితమా, పక్కవాడి గాంభీర్యానికి ఎదురుగా చేసిన కళాత్మక నిర్ణయమా? చిత్రం మొదటి సమాధానం వైపు లాగుతుంది, ధ్వని రెండవదాని వైపు. వెబ్‌స్టర్ తరువాత యంగ్ అన్న క్రమమే ఇక్కడ నిర్ణాయకం. నిండుదనం విన్న చెవికి ఆ లేమి ఉద్దేశపూర్వకంగానే తోస్తుంది. నాలుగు రోజుల ముందు ముద్రించిన ఎల్.పి.లోనూ యంగ్ సోలో ఉంది. దాన్ని దీనితో పక్కపక్కన ఉంచి, రెండూ వేరువేరు పాఠాలన్న ఎరుకతో వినేవాడికే ఈ చర్చలో పాల్గొనే అర్హత కలుగుతుంది. ఒకదాన్ని వింటూ మరొకదాని గురించి రాయడం, ఒక కావ్యప్రతిలోని పద్యానికి మరొక ప్రతి పాఠంపై వ్యాఖ్య రాయడం వంటిది.

రికార్డు ప్రసారానికి ముందే పుట్టడం ఆనాటి వ్యాపార రీతి. రాజర్స్, హామర్‌స్టైన్ టెలివిజన్ కోసమే రచించిన 'సిండరెల్లా' సంగీతరూపకాన్ని జూలీ ఆండ్రూస్ నాయికగా సి.బి.ఎస్. 1957 మార్చి 31న వర్ణచిత్రంగా ప్రత్యక్ష ప్రసారం చేసింది. వీక్షకుల సంఖ్య పది కోట్లకు మించిందని అంచనా. దాని రికార్డు కూడా అదే నెలలో ప్రసారానికి ముందే స్టూడియోలో తయారైంది. వర్ణచిత్రం నిలవలేదు, నలుపు తెలుపుల కినెస్కోప్ నిలిచింది. దశాబ్దాలపాటు ఆ రూపకం గురించి శ్రోతల జ్ఞాపకం ఎల్.పి. ఆధారంగానే సాగింది. సంభాషణ నుంచి పాటలోకి గొంతు జారే క్షణాలు రికార్డులో ఉండవు. నాటకీయత నిలిచేది ఆ క్షణాలలోనే. మూడు నిమిషాల గ్రామఫోను పలకకు కుదించిన పద్యాలను విని తెలుగు పద్యనాటకాన్ని అంచనా వేసేవారు కూడా ఇదే పొరపాటు చేస్తుంటారు.

ప్రసారమే అసలు పాఠం అన్న సూత్రం అన్నిచోట్లా చెల్లుతుందా అంటే, చెల్లదు. ఎన్.బి.సి. సంస్థ 1968 డిసెంబరు 3న ప్రసారం చేసిన ఎల్విస్ ప్రెస్లీ కార్యక్రమం స్టీవ్ బైండర్ దర్శకత్వంలో అదే సంవత్సరం జూన్‌లో బర్బాంక్ స్టూడియోలో చిత్రితమైంది. జూన్ 27న ప్రెస్లీ పాత సహచరులతో వృత్తాకారంగా కూర్చుని, చుట్టూ ప్రేక్షకులుండగా, రెండు ప్రదర్శనలు ఇచ్చాడు. ప్రసారంలో కనిపించేది ఆ రెండింటి నుంచి ఏరి కూర్చిన అంశాలు. అంటే ప్రసారపాఠం ఇక్కడ ఒక సంకలనం. ఆ ప్రదర్శనల పూర్తి ధ్వని 1998లో 'మెమరీస్', 'టైగర్ మ్యాన్' అనే ప్రచురణల ద్వారా విడివిడిగా లభించిన తరువాతనే పాటల మధ్య కబుర్లు, ఆగి మళ్ళీ అందుకోవడాలు, బెరుకు తీరి గొంతు విచ్చుకునే క్రమం శ్రోతలకు అందాయి. ప్రసారంలో ప్రెస్లీ మొదటి నుంచీ విజేత. పూర్తి ధ్వనిలో అతడు గెలుపును వెతుక్కుంటున్న గాయకుడు. విమర్శకు రెండవవాడే ఎక్కువ విలువైనవాడు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. బి.బి.సి. 1964 జనవరి 1న ప్రారంభించిన 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమపు తొలి సంవత్సరాల భాగాలు అత్యధికం చెరిగిపోయాయి. 1966 జూన్ 16న బీటిల్స్ బృందం స్టూడియోకు స్వయంగా వచ్చి 'పేపర్‌బ్యాక్ రైటర్', 'రెయిన్' పాటలు ప్రదర్శించిన భాగం వాటిలో ఒకటి. దాని తాలూకు 11 సెకన్ల శబ్దరహిత చిత్రం 2019లో వెలుగులోకి వచ్చినప్పుడు ధ్వని లేదని విచారించినవారున్నారు. ఆ విచారం అనవసరం. ఆనాడు బృందం తమ రికార్డుకే పెదవులు కదిపింది. ఆ ధ్వని ఇంటింటా ఉన్న రికార్డులో భద్రంగా ఉంది. కాని 1966లోనే కొద్దికాలం తరువాత వాద్యకారుల సంఘం ఈ పద్ధతిని నిషేధించింది. అప్పటినుంచి ఆ కార్యక్రమానికి ప్రత్యేకంగా నేపథ్య సంగీతం ముద్రించడం, గాయకులు అప్పటికప్పుడు పాడటం మొదలైంది. అందుచేత ఒకే కార్యక్రమంలో కొన్ని నెలల తేడాతో పోయిన రెండు భాగాలలో, ఒకదాని ధ్వని లోపం కాదు, మరొకదాని ధ్వని తీరని లోటు. కేవలం 'పోయినవి' అన్న జాబితా ఈ తేడాను చూపలేదు.

ఇంట ముద్రించుకున్న టేపుల విషయం వేరుగా చెప్పవలసి ఉంది. వీటిని నాసిరకం ప్రతులుగా కొట్టిపారేయడం సరికాదు. అమెరికా టెలివిజన్‌లో ధ్వని ఎఫ్.ఎం. పద్ధతిలో ప్రసారమయ్యేది. స్టూడియో ఉన్న నగరంలోనే తీగ కలిపి ముద్రించిన టేపు, కినెస్కోప్ శబ్దరేఖ కన్నా విస్తృతమైన నాదాన్ని నిలుపుకొని ఉండే అవకాశం ఉంది. దూర నగరాలకు టెలిఫోను తీగలమీద ప్రయాణించిన ధ్వనికి ఆ భాగ్యం లేదు. 1200 అడుగుల టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో 32 నిమిషాలు నడుస్తుంది. గంట కార్యక్రమం తెగకుండా పట్టాలంటే వేగాన్ని సగానికి తగ్గించాలి, అప్పుడు తారస్వరాలు మసకబారుతాయి. టేపు మిగుల్చుకోవడానికి ముద్రించినవాడు ప్రకటనలను, వ్యాఖ్యాత మాటలను కత్తిరించేవాడు. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం, తిథి రాసే గద్య ఎలాంటిదో, ఈ టేపుల్లో ప్రకటనలు, కేంద్రం పేరు చెప్పే మాటలు అలాంటివి. సంగీతాన్ని కాపాడాలన్న తపనతోనే దాని కాలనిర్ణయానికి ఆధారాన్ని ముద్రించినవాడు తీసివేశాడు. కొన్ని టేపుల్లో మరొక అప్రయత్న సాక్ష్యం మిగిలింది. అమెరికా విద్యుత్తు 60 హెర్ట్జ్ కనుక, విద్యుత్ పరికరాల నుంచి టేపు మీదికి చేరిన ఆ సన్నని గుర్రు ఇప్పుడు 63, 64 దగ్గర వినిపిస్తే, టేపు దాదాపు ఒక అర్ధస్వరం హెచ్చుగా నడుస్తున్నదని తేలుతుంది. శ్రుతి సరిదిద్దకుండా అటువంటి టేపు ఆధారంగా గాయని గాత్రస్థాయిని చర్చించినవారు లేని పాఠాన్ని వ్యాఖ్యానించినట్టే.

'ద సౌండ్ ఆఫ్ జాజ్' ధ్వని ఉన్నదని చెప్పే ఏ టేపునైనా ఇదే పద్ధతిలో పరీక్షించవచ్చు. మంక్ పియానో వినిపిస్తే మూలం ప్రసారం. 'నెర్వస్' వినిపిస్తే ఎల్.పి. ఒక్క 'ఫైన్ అండ్ మెలో' మాత్రమే ఉన్న టేపులో మలిగన్ బారిటోన్ సాక్షి. అయితే ప్రసారంలో మలిగన్ వంతు యంగ్ సోలో గడిచి, హాలిడే తిరిగి పాడిన తరువాత వస్తుంది. యంగ్ సోలో దగ్గరే తెగిపోయిన టేపులో ఆ సాక్షి నోరు విప్పడు. అప్పుడు పరిష్కర్తకు మిగిలేవి శబ్దరేఖ తాలూకు సన్నని నాదం, వాద్యకారుల మెచ్చుకోలు మాటలు, గది ప్రతిధ్వని, ఆ పన్నెండు బార్లలో యంగ్ వదిలిపెట్టిన ఖాళీల కొలతలు.