సురభి: తెర వెనుక చేతుల విద్య

‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడు నోరు తెరుస్తాడు. పళ్ళెంలోని లడ్డూలు ఒక్కొక్కటే వాటంతటవే లేచి వచ్చి ఆ నోట్లో పడతాయి. పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దలు ముందుకు వంగి దారం ఎక్కడుందా అని వెతుకుతారు. దారం ఉందని అందరికీ తెలుసు, అయినా ఎవరి కంటికీ చిక్కదు. సురభి నాటకాన్ని మెచ్చుకోవాలంటే కనపడని ఆ దారం దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే సురభి వారు నటులు కాకముందు బొమ్మలాడించినవారు.

మరాఠీ మూలాలున్న ఈ కుటుంబాలు తరతరాలుగా తెలుగునాట ఊరూరా తోలుబొమ్మలాటలు ఆడేవి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు బృందం బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడింది. ఆ ఊరి పేరే నాటక సమాజం పేరైంది. బొమ్మలను వదిలినా, వాటిని ఆడించిన విద్యను మాత్రం వదల్లేదు. వెలుగు ఎటు నుంచి పడాలి, చేయి ఎక్కడ దాగాలి, పాట ఏ క్షణాన కదలికను అందుకోవాలి అన్న లెక్కలన్నీ వాళ్ళతోపాటే రంగస్థలం ఎక్కాయి.

ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం కూడా అక్కడి నుంచే వచ్చింది. తోలుబొమ్మల తెర వెనుక స్త్రీ పాత్రలకు ఇంటి ఆడవాళ్ళే గొంతునిచ్చేవారు. ఆ గొంతు తెర ముందుకు రావడానికి అడ్డేముంది? స్థానం నరసింహారావు వంటి మహానటులు సత్యభామలై ప్రేక్షకులను మురిపిస్తున్న కాలంలోనే సురభి వేదిక మీద తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు నటిస్తున్నారు. సమాజమంటే కుటుంబమే కాబట్టి అది సాధ్యమైంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ ఇంటి బిడ్డే.

సురభి పనితనం బాగా తెలిసేది దృశ్యం మారేటప్పుడు. ముందు తెర మీద వీధి ఉంటుంది. దాని ముందు ఇద్దరు హాస్యగాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మాటల చాటున వెనుక రాజసభ సిద్ధమవుతుంది. తెర లేచేసరికి సింహాసనం, స్తంభాలు, కొలువుదీరిన మంత్రులు. అడవి, అంతఃపురం, కైలాసం అన్నీ చేత్తో గీసిన పరదాలే. ఏ పరదా ఎప్పుడు దిగాలో తాడు పట్టుకున్నవాడికి పద్యం చెబుతుంది. నటుడు రాగం ఎక్కువసేపు తీస్తే తాడు ఆగాలి, తొందరపడితే తాడూ తొందరపడాలి. వేదిక పక్కనున్న హార్మోనియం, తబలా ఇద్దరికీ మధ్యవర్తులు. నారదుడు ఆకాశం నుంచి దిగినా, ఇద్దరు వీరుల బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాల్చినా, ప్రహ్లాదుడి కథలో స్తంభం పగిలి నరసింహుడు వెలువడినా, ఆ అద్భుతాన్ని నిలబెట్టేది యంత్రం కన్నా సమయజ్ఞానమే. అర నిమిషం అటూ ఇటూ అయితే మాయ కాస్తా నవ్వులపాలవుతుంది.

ఈ సమయజ్ఞానం ఎలా అబ్బుతుంది? సురభి పిల్లలు బాలకృష్ణుడిగానో, లవకుశులుగానో, ప్రహ్లాదుడిగానో వేదిక ఎక్కుతారు. పెరిగేకొద్దీ వేషాలు మారతాయి. వేషం లేని సన్నివేశంలో తాడు లాగాలి, పరదా చుట్టాలి, తమ్ముడికి కిరీటం కట్టాలి. ఇవాళ రాజుగా మెరిసినవాడు రేపు తెర వెనుక చీకట్లో దారం పట్టుకుంటాడు. అందుకే వేదిక మీదున్న మనిషికి ఎప్పుడు ఏం కావాలో వెనుకున్న మనిషికి చెప్పనక్కరలేదు. అతడూ ఆ పాత్ర వేసినవాడే.

ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించిన ఈ వంశం, ఊరూరా తాత్కాలిక నాటకశాలలు వేసుకుని, టిక్కెట్టు డబ్బుల మీదే బతికింది. సినిమా ఆ ప్రేక్షకులను లాగేసుకుంది. మిగిలినవి కొద్ది సమాజాలే. వాటిలో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలుచుకునే మనిషి, హైదరాబాదును స్థావరం చేసుకుని దాన్ని నిలబెట్టారు. బి.వి.కారంత్ వంటి దర్శకుడితో ఈ బృందం ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడింది. పౌరాణికం ఆడిన చేతులు పట్నపు బస్తీ కథను కూడా మోయగలవని అప్పుడు రుజువైంది. 2013లో బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

సురభిని కాపాడుకోవాలని సభల్లో తరచూ వింటుంటాం. పాత పరదాలను మ్యూజియంలో పెట్టవచ్చు, ప్రదర్శనలను వీడియో తీసి దాచవచ్చు. కానీ పద్యం విని తాడు వదిలే విద్య అలా దాగదు. అది ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి, ప్రేక్షకుల ఎదుట, నాటకం ఆడుతుండగానే అందుతుంది. ప్రదర్శనలు తగ్గితే నేర్చుకునే రాత్రులూ తగ్గుతాయి. కాబట్టి సురభికి మనం చేయగల అసలైన మేలు ఒక్కటే: మీ ఊళ్ళో వాళ్ళ నాటకం పడినప్పుడు టిక్కెట్టు కొని, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి.