కొత్త సిస్టమ్‌లో ఎంత తక్కువుంటే అంత మంచిది

కొత్త ల్యాప్‌టాప్ రాగానే వెబ్ డెవలపర్‌కి చెయ్యి దురద పెడుతుంది. పాతదాంట్లో ఉన్నదంతా దించేసి సాయంత్రానికల్లా పనిలో పడిపోవాలనిపిస్తుంది. నేనైతే ఏదీ దించను. ఇల్లు మారేటప్పుడు పాతింటి అటక మీది సామానంతా మోసుకుపోతామా? ఏ ప్రాజెక్టు అడిగితే ఆ ప్రాజెక్టుకి కావలసిందే వేసుకుంటూ పోతాను.

మొదట గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ పని కోసం రాసుకున్నది ఇవాళ అందరికీ నిత్యావసరమైంది. ఆ వెంటనే ఎస్ఎస్‌హెచ్ కీ. పాత కీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం సులువే గానీ మంచి అలవాటు కాదు. ఏ సిస్టమ్ కీ ఆ సిస్టమ్‌లోనే పుట్టాలి. కమాండ్ కొడితే రెండు ఫైళ్లొస్తాయి. ‘పబ్’ అని ముగిసేదాన్ని సర్వర్‌కి ఇస్తాం. రెండోది గడప దాటకూడదు. రేపు ల్యాప్‌టాప్ ఎక్కడైనా పోయినా సర్వర్‌లోంచి ఆ ఒక్క కీని తీసేస్తే సరిపోతుంది.

విండోస్ వాడేవాళ్లకు, దానిలోపలే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్‌ని మాత్రం సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ వైపే పెట్టుకోవాలి. లేదంటే నోడ్ మాడ్యూల్స్‌లోని వేలకొద్దీ చిన్న ఫైళ్లతో ఇన్‌స్టాల్ నత్తనడక నడుస్తుంది.

నోడ్‌ని నేరుగా వెయ్యకుండా, దాని వెర్షన్లను మార్చుకోనిచ్చే ఎన్‌వీఎంతో వేస్తాను. పాత ప్రాజెక్టు 18 మీద, కొత్తది 22 మీద ఉన్నా ఒక్క కమాండ్‌తో మారిపోవచ్చు. వెర్షన్ నంబరును ప్రాజెక్టులోనే ఓ చిన్న ఫైల్లో రాసి ఉంచితే ఎవరినీ అడగక్కర్లేదు.

తెలుగు సైట్లు చేసేవాళ్లకు ఇంకో మాట. ‘మండలి’ లాంటి ఫాంట్‌ని మన సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే, పేజీలో దాన్ని లోడ్ చెయ్యడం మరిచిపోయినా మనకు అంతా బాగానే కనిపిస్తుంది. చదివేవాళ్ల ఫోన్లో మాత్రం వేరే ఫాంట్, వేరే కొలతలు. బటన్ ఎత్తు పిక్సెళ్లలో బిగించి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంటే ‘రాష్ట్రం’లో కింది వత్తులు తెగిపోతాయి. ఫాంట్ లేని సిస్టమ్‌లోనే ఈ తప్పు బయటపడుతుంది.

బోసిగా ఉన్న ల్యాప్‌టాప్ విలువ అదే. ప్రాజెక్టు దేనిమీద నిలబడిందో, రీడ్‌మీలో ఏ మెట్టు రాయలేదో అది చెప్పేస్తుంది. అక్కడ పని ఆగితే ల్యాప్‌టాప్‌కి మందు వెయ్యకండి, ప్రాజెక్టుని సరిచెయ్యండి. ఏ కమాండ్ కొట్టినా వరుసగా ఒక ఫైల్లో రాసి రెపోలో పెట్టండి. రేపు చేరే జూనియర్ మిమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగకుండా పని మొదలుపెట్టగలిగితేనే సెటప్ పూర్తయినట్టు.