చతుర్థి లేని చట్టం

రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 125 డాలర్లు. ఇంకొకటి 250 కోట్ల రూపాయలు. మొదటిది, జనం వివరాలు దొంగలపాలు చేసినందుకు అమెరికాలో ఈక్విఫాక్స్ సంస్థ 2019లో ఒక్కో మనిషికి ఇస్తానని కాగితం మీద ఒప్పుకున్న నగదు. రెండోది, జనం వివరాలకు సరైన కాపలా పెట్టని కంపెనీకి మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వేయగలిగిన గరిష్ఠ జరిమానా. చూపుకి మనది భీముడి గద, వాళ్లది జోలెలో వేసిన చిల్లర. నేనూ మొదట అలాగే అనుకున్నాను. రెండు పత్రాలూ దగ్గర పెట్టుకుని చదివాక ఆ అభిప్రాయం నిలవలేదు.

ఈక్విఫాక్స్ అంటే మన సిబిల్ లాంటి సంస్థ. దానికి మనం ఖాతాదారులం కానక్కర్లేదు. క్రెడిట్ కార్డు తీసుకున్నా, కారు అప్పు మీద కొన్నా మన చరిత్ర దాని దగ్గర జమ అవుతుంది. ప్రధాన కార్యాలయం అట్లాంటాలో. హెచ్‌-1బీ మీద వెళ్లి, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుని, మొదటి క్రెడిట్ కార్డుతో ‘హిస్టరీ’ కట్టుకోవడం మొదలుపెట్టిన మనవాళ్లు కూడా అడక్కుండానే ఆ పద్దుల్లోకి ఎక్కుతారు. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రంధ్రం ఉందని లోకానికంతటికీ చెప్పారు, పూడ్చే ప్యాచ్ కూడా ఇచ్చారు. ఈక్విఫాక్స్ పూడ్చుకోలేదు. మే నుంచి జులై దాకా దొంగలు లోపలే తిరిగారు. సంగతి సెప్టెంబరు 7న బయటపెట్టారు. పోయినవి సుమారు 14.7 కోట్ల మంది పేర్లు, పుట్టినతేదీలు, చిరునామాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు. కార్డు పోతే కొత్తది ఇస్తారు. పుట్టినతేదీ పోతే ఏమిస్తారు?

2019 జులై 22న ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రాష్ట్రాల అటార్నీ జనరళ్లు, సామూహిక దావా వేసిన లాయర్లు అందరూ కలిసి రాజీ కుదిర్చారు. మొత్తం కనీసం 57.5 కోట్ల డాలర్లు, అవసరమైతే 70 కోట్ల దాకా. అందులో జనానికి ఉద్దేశించినది 42.5 కోట్ల వరకు. ఆ పత్రంలో నన్ను కట్టిపడేసిన వాక్యం ఈ పెద్ద అంకెల్లో లేదు. పోగొట్టుకున్న సమయానికి గంటకు 25 డాలర్లు, 20 గంటల దాకా ఇస్తామన్నది అక్కడ ఉంది. అందులో మొదటి 10 గంటలకు రసీదు అక్కర్లేదు. ఏం చేశావో నీ మాటల్లో రాసివ్వు, నమ్ముతాం అన్నారు. బ్యాంకుకి ఫోన్ చేసి లైన్లో వేలాడిన గంట, ఖాతాలు స్తంభింపజేయమని ఫారాలు నింపిన మధ్యాహ్నం, ఇవన్నీ నష్టమేనని ఒక చట్టబద్ధమైన కాగితం ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు. మన కోర్టుల్లో వాయిదా వాయిదాకీ పోయే పూటలకు ఎవరైనా విలువ కట్టారా?

ఇంత బాగా రాసిన కాగితం లెక్క దగ్గర తేలిపోయింది. జనానికి ఉచితంగా ఇవ్వజూపిన క్రెడిట్ మానిటరింగ్ సేవ బదులు, అది ఇప్పటికే ఉన్నవాళ్లకు ఇస్తామన్న 125 డాలర్ల నగదు కోసం పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లే. భాగించి చూడండి, 2,48,000 మందికి సరిపోతుంది. పంక్తిలో కూర్చున్నది 14.7 కోట్ల మంది, వండింది రెండున్నర లక్షల విస్తళ్లకు. రాజీ ప్రకటించిన తొమ్మిది రోజులకే, జులై 31న, నగదు అడిగితే వచ్చేది బాగా తక్కువ, ఉచిత మానిటరింగే తీసుకోండి అని ఫెడరల్ ట్రేడ్ కమిషనే జనాన్ని బతిమాలింది. తర్వాత నగదు అడిగినవాళ్లకు, నీకు నిజంగా మానిటరింగ్ ఉందని రుజువు చేసుకో అని మళ్లీ ఉత్తరాలు. 2022 డిసెంబరులో డబ్బు పంపడం మొదలయ్యేసరికి 125 కాస్తా చాలామందికి కొద్ది డాలర్లుగా మిగిలింది. లాయర్ల ఫీజు మాత్రం 7.75 కోట్ల డాలర్లు.

కాబట్టి అమెరికా పద్ధతి గొప్పదని నేను ఈ వ్యాసం రాయడం లేదు. పైగా అక్కడ కోర్టు గడప కూడా ఎత్తు పెరిగింది. ట్రాన్స్‌యూనియన్ అనే మరో క్రెడిట్ సంస్థ తమను ఉగ్రవాదుల జాబితాలోని పేర్లతో ముడిపెట్టిందని 8,185 మంది తరఫున దావా నడిచింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ తప్పుడు నివేదిక బయటివాళ్లకు చేరిన 1,853 మందికే పరిహారం అడిగే అర్హత ఉందంది. మిగతా 6,332 మంది మీద మచ్చ సొరుగులోనే ఉండిపోయింది కాబట్టి నష్టం లేదట. డేటా లీకయ్యాక ఇంకా మోసం జరగనివాడి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే.

ఇప్పుడు మన వైపు. మనకు నిజానికి ఒకటి కాదు, రెండు చట్ట పాఠాలున్నాయి. పాతది ఐటీ చట్టంలో 2008 సవరణతో చేర్చిన 43ఎ సెక్షన్. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటంలో కంపెనీ నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఎవరికైనా అక్రమ నష్టం కలిగితే, ఆ బాధితుడికి పరిహారం చెల్లించాలి అంటుంది. చదవగానే బాగుంటుంది. బాధితుడు వాక్యంలో ఉన్నాడు. కానీ ‘సున్నితమైన’ అన్న మాటకు 2011 నిబంధనలు ఇచ్చిన జాబితా చూస్తే ఉత్సాహం చల్లారుతుంది. పాస్‌వర్డులు, బ్యాంకు, కార్డు వివరాలు, ఆరోగ్యం, వైద్య రికార్డులు, లైంగికత, బయోమెట్రిక్‌లు. అంతే. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు 45 లక్షల మంది వివరాలు, దానికి సేవలందించే సీటా అనే సంస్థ నుంచి పోయాయి. గల్ఫ్‌కీ అమెరికాకీ తిరిగే మన జిల్లాలవాళ్లకు ఆ విమానం కొత్తది కాదు. పోయినవాటిలో పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు సమాచారం, కార్డు వివరాలు ఉన్నాయి. కార్డు సంగతి జాబితాలో ఉంది. పాస్‌పోర్టు నంబరు లేదు.

ఇక ఎవరిని అడగాలి? 43ఎ కింద 5 కోట్ల దాకా పరిహారం అడిగేవాళ్లకు న్యాయాధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. అంటే పెట్టుబడుల సదస్సుకు ఆహ్వానాలు పంపే అధికారే, అదే కంపెనీల నిర్లక్ష్యాన్ని తూచాలి. ఈ ఏర్పాటు ఉందని మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్లలో లాయర్లు ఎంతమంది? అయినా పనిచేసిన సందర్భం ఒకటుంది, అన్యాయంగా దాచకూడదు. నకిలీ మెయిల్‌తో ఖాతా ఖాళీ అయిన ఒక ప్రవాస ఖాతాదారుడి ఫిర్యాదు మీద, 2010 ఏప్రిల్‌లో తమిళనాడు ఐటీ కార్యదర్శి ఐసీఐసీఐ బ్యాంకు 12.85 లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పిచ్చారు. అది 43ఎ కేసు కాదు, అదే చట్టంలోని వేరే సెక్షన్ల కిందది. దారి మాత్రం ఇదే. అప్పీలు అప్పట్లో సైబర్ అప్పీళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి ఉండేది. ఆ ట్రిబ్యునల్ అధ్యక్షుడి కుర్చీ 2011 నుంచి ఖాళీ. 2017లో దాన్ని టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌లో కలిపేశారు. బ్యాంకు బాధ్యత ఖాయమయ్యేసరికి 2019 వచ్చింది. డబ్బు పోయింది 2007లో.

పాత పాఠం అలా కుంటుతూ నడిచింది. కొత్తది నడవనే నడవదు, ఎందుకంటే పరిహారం అనే కాలే దానికి లేదు.

2023 చట్టం అంకెలు గట్టివే. కాపలాలో లోపానికి 250 కోట్ల దాకా, లీకైన సంగతి చెప్పకపోతే 200 కోట్ల దాకా. ఆ డబ్బు ఎటు వెళ్తుందో 34వ సెక్షన్ ఒకే వాక్యంలో చెప్తుంది: భారత సంచిత నిధికి. 43ఎను తీసేయమని 44వ సెక్షన్ అంటుంది. సివిల్ కోర్టుకు వెళ్లే దారి 39వ సెక్షన్ మూసేస్తుంది. బళ్లో విభక్తులు వల్లించినప్పుడు ‘కొఱకు, కై’ చతుర్థి అని నేర్చుకున్నాం. ఇచ్చేది ఎవరికోసమో చెప్పేది అదే. సంప్రదానం అంటారు పండితులు. ఈ చట్టంలో కర్త ఉంది, డేటా రక్షణ బోర్డు. కర్మ ఉంది, కంపెనీ. క్రియ ఉంది, దండించడం. ఎవరికోసం అన్న చోట పౌరుడు లేడు, ఖజానా ఉంది. పైగా పౌరుడు ఇంకో చోట కనిపిస్తాడు. తప్పుడు లేదా పనికిమాలిన ఫిర్యాదు చేసినా, మరికొన్ని విధులు తప్పినా అతని మీద 10,000 రూపాయల దాకా జరిమానా. ఈ చట్టం మనిషిని ‘ఆమె’ అని రాస్తుంది, స్త్రీ పురుషులు ఎవరైనా సరే. మెచ్చుకోవాల్సిన పనే. లింగం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా విభక్తి మీద పెట్టాల్సింది.

ఇది పొరపాటున జారిపోయిందనుకోవడానికి వీల్లేదు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో పరిహారం హక్కు ఉంది. 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులోనూ ఉంది. 2022 ముసాయిదాకి వచ్చేసరికి మాయమైంది. తీసేసినవాళ్ల వైపు ఒక వాదన లేకపోలేదు. లీకైన ప్రతిసారీ లక్షల మంది చిన్న చిన్న దావాలు వేస్తే ఏ వ్యవస్థ తట్టుకుంటుంది, ఒకే బోర్డు ఒకే పెద్ద దెబ్బ వేస్తే కంపెనీలు దారికొస్తాయి కదా అంటారు. ఈక్విఫాక్స్ పంక్తి చూసినవాళ్లకు ఈ మాట తేలిగ్గా కొట్టిపారేయబుద్ధి కాదు. కానీ పెద్ద దెబ్బ వేయడానికీ, అందులో కొంత బాధితుడికి మళ్లించడానికీ పడదని ఎవరన్నారు? అమెరికా రాజీలో ప్రభుత్వానికి కట్టిన జరిమానా, జనానికి కేటాయించిన నిధి పక్కపక్కనే ఉన్నాయి. ఒకే కాగితం మీద.

జర్మనీ సంగతి రెండు మాటల్లో. ఫోన్ నంబర్లు వరసగా వేసి చూసి ఫేస్‌బుక్ నుంచి 106 దేశాల్లో 53.3 కోట్ల మంది వివరాలు లాగేశారు, అవి 2021లో బజారున పడ్డాయి. 2024 నవంబరు 18న అక్కడి ఫెడరల్ న్యాయస్థానం, నీ సమాచారం మీద నీకు పట్టు తప్పడమే నష్టం, ఇంకేం మోసం జరిగిందో చూపనక్కర్లేదు అంది. ఆ కేసులో 100 యూరోల దాకా సబబుగా ఉండొచ్చని కూడా సూచించింది. మొత్తం చిన్నదే. కానీ 43ఎ అడిగే ‘అక్రమ నష్టం’ పక్కన ఈ నిర్వచనం పెట్టి చూస్తే, మనం ఏ మెట్టు మీద ఆగిపోయామో తెలుస్తుంది.

మనకు ఆ నిర్వచనం ఎందుకు కావాలో సైబరాబాద్ పోలీసులే చూపించారు. 2023 మార్చిలో 16.8 కోట్ల మంది సమాచారం అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఇంకొకణ్ని పట్టుకున్నారు, అతని దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు, 104 రకాలుగా విడదీసి పెట్టుకున్నాడు. విద్యార్థులు వేరు, వాహన యజమానులు వేరు, జీతగాళ్లు వేరు. కిరాణా కొట్లో డబ్బాలు సర్దినట్టు. అందులో మీ నంబరు ఉంటే, అది ఏ కంపెనీ గోడ దూకి వచ్చిందో మీరెలా చెప్తారు? నాకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకున్న రెండో రోజు నుంచి మధుమేహం మందులు అమ్మేవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ల్యాబుకి మెయిల్ పెట్టాను. మీ గోప్యతే మాకు ముఖ్యం అని జవాబొచ్చింది, కింద తగ్గింపు ధరకు ఫుల్ బాడీ చెకప్ ప్రకటనతో. నేను ఏం పోగొట్టుకున్నానని ఐటీ కార్యదర్శికి రాయాలి? రూపాయి పోలేదు. నిద్ర కూడా పెద్దగా పోలేదు. నా చక్కెర ఎంతో ఊళ్లో ఎవడో అపరిచితుడికి తెలిసింది, అంతే. జర్మనీలో అయితే అది నష్టం. ఇక్కడ అది కబురు.

2023 చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అమలును మూడు విడతలు చేశారు. బోర్డు వెంటనే. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా తలుపు బిగించే సవరణ కూడా వెంటనే. కంపెనీల బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువు. 43ఎ తొలగింపు కూడా ఆ చివరి విడతలోనే. అంటే 2027 మే దాకా ఆ కుంటి సెక్షన్ ఊపిరితో ఉంది. ఈ లోపు బ్యాంకు, ఆసుపత్రి, బీమా సమాచారం లీకై నిజంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఐటీ కార్యదర్శి దగ్గర దరఖాస్తు వేసుకోవచ్చు. లీకు గురించి కంపెనీ పంపిన మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంటు, పోలీసు ఫిర్యాదు నకలు, పెట్టిన ఖర్చుల రసీదులు దగ్గరుంచుకోవాలి. ఈక్విఫాక్స్ పత్రం నేర్పిన పని ఇంకొకటి చేస్తే మంచిది: ఏ రోజు ఎన్ని గంటలు దీని మీద పోయాయో ఒక కాగితం మీద రాసిపెట్టుకోవడం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా ఉంది. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది అది. చెప్పడం వేరు, దొంగ ఎత్తుకుపోవడం వేరు అని కంపెనీ లాయరు తప్పక వాదిస్తాడు.

కొత్త నిబంధనల ప్రకారం లీకు జరిగితే కంపెనీ ఒక్కో బాధితుడికీ ఆలస్యం లేకుండా కబురు పంపాలి. ఏం జరిగింది, దానివల్ల మీకు రాగల ముప్పేమిటి, మేం ఏం చేస్తున్నాం, మీరేం జాగ్రత్త పడాలి, సందేహాలుంటే ఎవరిని అడగాలి. ఈ అయిదూ ఉండాలి. నమూనా ఉత్తరం ఒకటి నేనే రాసుకుని చూశాను. చివర సంతకానికి పైన ఒక వరస ఖాళీ మిగిలింది, అక్కడ రాయడానికి చట్టంలో ఏమీ దొరకలేదు.